శ్రీనాథుడి జాబితాలో లేని పండు

పుష్యమాసంలో పల్నాటి దాచేపల్లి చుట్టుపక్కల పొలాల్లోకి వెళ్తే రెండు రంగులు కళ్లకు కొడతాయి. ఒకటి ఆఖరి తీతకు మిగిలిన పత్తి తెలుపు. రెండోది అప్పుడప్పుడే కల్లాలకెక్కుతున్న మిరపకాయల ఎరుపు. ఈ రెండు చేల నడుమ, గట్టు మీద, ఎవరూ నాటని, ఎవరూ చెంబెడు నీళ్లు పోయని ముళ్లచెట్టు ఒకటి కనబడుతుంది. పత్తి తీసే ఆడవాళ్లు మధ్యాహ్నం సద్ది విప్పుకునేది దాని నీడనే. తిని లేచేటప్పుడు కింద రాలిన పళ్లు నాలుగు దోసిళ్లు ఏరి కొంగున ముడేసుకుంటారు. ఆ ముడిలోని పళ్లే ఇంటికి చేరి, రోట్లో పడి, ఉప్పు బెల్లం కలుపుకొని, నాలుగైదు రోజులు ఎండ తిని రేగివడియాలవుతాయి. వాడుకలో రేగొడియాలు.

పండును గుజ్జు చేసి, ఎండబెట్టి, ఏడాది పొడుగునా దాచుకోవడం అనగానే తెలుగువాళ్లకు మామిడితాండ్ర గుర్తొస్తుంది. దానికి ఊళ్లున్నాయి, తోటలున్నాయి, వ్యాపారులున్నారు, పేరుంది. రేగొడియానికి ఇవేవీ లేవు. బడి గేటు దగ్గర గంపలో, జాతర్లో గుడ్డ మీద, అమ్మమ్మ ఇంట్లో మూత బిగించిన జాడీలో తప్ప అది ఎక్కువగా కనబడదు. ఇది చరిత్ర లేకపోవడం వల్ల కాదు. ఆ మాటకొస్తే రేగుకున్నంత పాత చరిత్ర పల్నాటి పంటల్లో చాలావాటికి లేదు.

పల్నాడు మీద శ్రీనాథుడు చెప్పాడని తరతరాలుగా నోళ్లలో నానుతున్న చాటుపద్యం ఒకటుంది. కొండవీటి పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా సన్నబియ్యం తిన్న మనిషాయన. పల్నాడు వచ్చి చూసేసరికి ఒళ్లు మండింది. రాళ్లను, నాగులేటి నీళ్లను, జొన్న సజ్జల తిండిని, పాములను, తేళ్లను వరసబెట్టి ఏకరువు పెట్టాడు. దాచేపల్లి ఉన్నది ఆ నాగులేటి ఒడ్డునే. ఆయన విసుక్కున్న నాపరాళ్లే ఇవాళ ఈ ప్రాంతంలో ఇంటి నేలకూ, అరుగుకూ, ప్రహరీకీ పనికొస్తున్నాయి. పల్నాటివాళ్లు కూడా ఆ పద్యానికి నొచ్చుకోరు, నవ్వుతూనే చదివి వినిపిస్తారు. చెప్పుకోవలసిన లోపం ఒక్కటే. తిండి గురించి అంత ఫిర్యాదు చేసిన కవి ఆ రాళ్ల మధ్యే పండే పండును మాత్రం జాబితాలో చేర్చలేదు. బహుశా ఆయన వచ్చింది రేగు కాయని కాలంలో కావచ్చు.

రేగుకు పల్నాడు లాంటి నేలే సరిపడుతుంది. వేరు లోతుకు దిగుతుంది. ఎండలు ముదిరేసరికి ఆకు రాల్చేసి చెట్టు చచ్చినట్టు పడి ఉంటుంది. తొలకరికి చిగురేసి, వానాకాలం చివర పూసి, చలికాలంలో పండుతుంది. మిగతా చెట్లు నీళ్లకోసం అల్లాడే నెలల్లో ఇది నిద్రపోతుందన్న మాట. కొట్టేస్తే మోడు నుంచి మళ్లీ లేస్తుంది. పొదలా అల్లుకునే పరిమి దీనికి చుట్టం. అంటుకట్టి పెరట్లో పెంచుకునే పెద్దకాయ గంగరేగు. గట్టు మీది నాటురేగు మాత్రం గోళీకాయంత ఉంటుంది, అందులో సగం గింజే.

ఈ చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్, 1789లో. మారిషస్ ద్వీపం పేరు మీద మారిషియానా అన్నాడు. భారతదేశపు చెట్టుకు హిందూ మహాసముద్రంలోని దీవి పేరు అంటుకుపోయింది. అప్పటికే మన దగ్గర దాని పేర్లు వేల ఏళ్ల పాతవి. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో, క్రీస్తుపూర్వం ఆరేడు వేల ఏళ్ల నాటి నవీన శిలాయుగపు పొరల్లో, రేగు జాతి గింజలు దొరికాయి. వైదిక వాఙ్మయంలో సౌత్రామణి అనే యాగం ఉంది. అందులో కువల, కర్కంధు, బదర అని మూడు రకాల రేగుపండ్ల పిండి వాడాలని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. పిండి కావాలంటే ముందు పండు ఎండాలి, తర్వాత దంచాలి. అంటే రేగును ఎండబెట్టి దంచే పని రెండున్నర వేల ఏళ్ల క్రితమే యాగశాల దాకా వెళ్లిందన్న మాట. వంటింట్లో అంతకు ముందే ఉండి ఉండాలి.

తెలుగిళ్లలో రేగుకు ఏడాదిలో రెండు రోజులు రాజయోగం. భోగి నాడు సాయంత్రం పిల్లల్ని పీట మీద కూర్చోబెట్టి రేగుపళ్లు, పూలరేకులు, చెరుకు ముక్కలు, చిల్లర నాణేలు కలిపి తలమీద పోస్తారు. రథసప్తమి తెల్లవారుజామున జిల్లేడాకుతోపాటు రేగుపండు నెత్తిన పెట్టుకుని తలంటుకుంటారు. ఇక శబరి కథ ఉండనే ఉంది. కొరికి రుచి చూసి రాముడికి పళ్లు పెట్టడం వాల్మీకిలో లేదు, తర్వాతి భక్తి కథల్లో చేరింది. ఆ కథ అల్లినవాళ్లకు రేగుచెట్టు బాగా తెలుసు. నాటురేగు చెట్టు కింద నిలబడి పళ్లు ఏరుకున్నవాడికి శబరి ఎందుకు కొరికిందో ఇట్టే అర్థమవుతుంది. ఒకే కొమ్మ పళ్లలో ఒకటి తేనె, పక్కది పళ్లు జివ్వుమనే పులుపు, మూడోదాంట్లో పురుగు. పైకి చూస్తే మూడూ ఒకలాగే ఉంటాయి.

రేగును గుజ్జు చేయడం మొదలుపెట్టినవాళ్ల తెలివి సరిగ్గా ఇక్కడే ఉంది. విడి పండుగా తింటే రేగు లాటరీ. నూరు పళ్లు కలిపి దంచితే పులుపూ తీపీ ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. దానికి కాస్త ఉప్పు, కాస్త బెల్లం పడితే రుచి మన చేతిలోకి వస్తుంది. నిలవ కోసం ఎండబెట్టడం సగం కారణమే. మిగతా సగం ఈ సర్దుబాటే అయి ఉంటుంది.

వడియం పెట్టే పద్ధతి చూద్దాం. పచ్చకాయ పనికిరాదు, దోరకాయ కూడా పనికిరాదు. ముదురు గోధుమ రంగుకు తిరిగి, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయే పండు కావాలి. తెచ్చిన పళ్లను చేటలో పోసి పుల్లా పుడకా ఏరి, కడిగి, ఒక పూట నీడన ఆరనిస్తారు. తర్వాత అసలు పని. ప్రతి పండునూ రెండు వేళ్ల మధ్య నొక్కి విప్పి చూడాలి. రేగు ఈగ గుడ్డు పెట్టిన పండులో గింజ చుట్టూ నల్లటి పొడి, అందులో తెల్లటి పురుగు ఉంటుంది. పిల్లలకు ఈ పని అప్పగిస్తే మంచి పళ్లు సగం నోట్లోకి పోతాయి కాబట్టి పెద్దవాళ్లే కూర్చుంటారు.

రోట్లో ముందుగా ఎండుమిరపకాయలు, జీలకర్ర, రాళ్ల ఉప్పు వేసి దంచుతారు. ఆ మీద పళ్లు పోసి రోకలి వేస్తారు. గింజలు తీసేసేవాళ్లు కొందరు, గింజలతోనే కచ్చాపచ్చాగా దంచేసేవాళ్లు ఎక్కువమంది. గింజ పగిలినప్పుడు లోపలి పప్పు కలిసి చిన్న వగరు, చిన్న కమ్మదనం వస్తుంది. అది లేకపోతే రేగొడియం కాదనేవాళ్లున్నారు. చివర బెల్లం కోరు వేసి రెండు పోట్లు. ముద్ద రోకలికి అంటుకుని సాగుతూ లేచిందంటే తయారైనట్టే. కొంచెం కొంచెం తీసి, అరచేతిలో గారెలా తట్టి, గుడ్డ మీదో చేట మీదో పెడతారు. రెండో రోజు తిరగేయాలి, లేకపోతే అడుగున తడి నిలిచి బూజు పడుతుంది. నాలుగో రోజుకు అంచు గట్టిపడి, నడుమ మాత్రం తోలులా వంగుతుంది. అప్పుడు జాడీకెత్తితే మళ్లీ సంక్రాంతి దాకా ఉంటుంది, ఉండనిస్తే.

తినడం కూడా ఒక విద్యే. కొరికితే పంటికి గింజ ముక్క తగులుతుంది. బుగ్గన పెట్టుకుని నానబెడుతూ చప్పరించాలి. ముందు ఉప్పు, తర్వాత పులుపు, ఆ తర్వాత బెల్లం, ఆఖరున మిరపకాయ ఘాటు. గింజ పెంకులు ఒక్కొక్కటే బయటికొస్తాయి. తమిళనాట ఇదే పదార్థాన్ని ఎలందవడై అంటారు. అక్కడా ఇది బడిపిల్లల తిండే.

ఇందులో ఒక్క సరుకు మాత్రం కొత్తది. మిరపకాయ పోర్చుగీసువాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి చేరింది. శ్రీనాథుడు మిరపకాయ ఎరగడు. ఇవాళ మిరప లేనిదే గుంటూరు సీమను ఊహించుకోలేం గానీ, ఈ వడియం అంతకు ముందు మిరప లేకుండానే ఉండి ఉండాలి. ఇప్పటికీ పసిపిల్లలకోసం కారం వేయకుండా బెల్లంతో మాత్రమే కొన్ని విడిగా పెడతారు. పాత రుచి ఏదైనా మిగిలి ఉంటే అది ఆ పసిపిల్లల వాటాలోనే మిగిలి ఉంది.

రేగుకు దాయాది అయిన చైనా రేగు సంగతి వేరు. అది చలిదేశపు చెట్టు, పండు పెద్దది, ఎండితే ఎర్రగా ముడతలు పడుతుంది. చైనావాళ్లు దాన్ని ఉడికించి, తొక్కా గింజా తీసి, చక్కెరా నూనే వేసి దగ్గరపడేదాకా తిప్పి గుజ్జు చేస్తారు. శరదృతువు పున్నమికి చేసే చంద్రబింబాల్లాంటి భక్ష్యాల్లో ఆ గుజ్జు కూడా ఒక పూర్ణం. ఫ్రాన్సులోనైతే రేగు మందులషాపు సరుకు. తుమ్మజిగురు, చక్కెర, రేగుపండ్ల కషాయం కలిపి కాచి బిళ్లలుగా కోసి దగ్గుకు అమ్మేవారు. జుజుబ్ అంటే రేగు. పోనుపోను కషాయం వేయడం మానేశారు, పేరు మాత్రం ఉంచేశారు. ఇవాళ అమెరికా సినిమాహాళ్లలో జుజుబ్స్ పేరుతో దొరికే రబ్బరు బిళ్లల్లో రేగు చుక్క కూడా ఉండదు.

పోర్చుగీసువాళ్లది ఇంకా ముచ్చటైన కథ. వాళ్ల దేశంలో మర్మెలో అనే పులుపు పండు ఉంది. పచ్చిది తినలేరు. చక్కెరతో ఉడికించి గట్టి ముద్ద చేసి కోసుకు తింటారు. మార్మలేడ్ అన్న మాట ఆ పండు పేరు నుంచే పుట్టింది. బ్రెజిల్ వెళ్లాక ఆ పండు దొరక్క జామపండుతో అదే పని చేశారు. గోవాలో ఆ జామముద్దే పెరాద్ అయింది, క్రిస్మస్ పళ్లెంలో ఇప్పటికీ ఉంటుంది. పండు మారినా పద్ధతి ఊరూరా తిరిగింది. పల్నాటి రోలు దాకా మాత్రం అది రాలేదు. మనవాళ్లు పొయ్యి వెలిగించకుండానే, ఎండతోనే, అదే ఫలితం రాబట్టారు. నీరు ఇంకిపోవాలి, పులుపూ ఉప్పూ తీపీ మిగలాలి. సూత్రం ఒకటే.

మరి మామిడితాండ్ర వ్యాపారమై రేగొడియం ఎందుకు కాలేదు?

గోదావరి జిల్లాల్లో ఆత్రేయపురం, ఉత్తరాంధ్రలో విజయనగరం జిల్లా భీమాళి లాంటి ఊళ్లు తాండ్రతో పేరు తెచ్చుకున్నాయి. అక్కడ రసం వడగట్టి చక్కెరో బెల్లమో కలిపి చాపల మీద పల్చగా పోస్తారు. ఆరాక దానిపై ఇంకో పూత, మర్నాడు ఇంకోటి. అలా పూత మీద పూత అంగుళం మందం వచ్చేదాకా. దీనికి తోటలు కావాలి, ఒకేసారి బళ్లకొద్దీ కాయ దిగాలి, కూలీలు కావాలి, ముందే డబ్బు పెట్టే ఆసామి కావాలి. మామిడికి ఇవన్నీ కుదిరాయి. అమ్ముడుపోక మిగిలే పీచుమామిడి కాయకు తాండ్రే దారి కాబట్టి వ్యాపారికి లెక్క కలిసొచ్చింది. కొద్ది టెంకలు తీస్తే చాలు, అరకిలో గుజ్జు.

రేగుకు ఇందులో ఒక్కటీ లేదు. చెట్టు గట్టు మీదిది, డొంకలోది, బంజరుది. ఎవరిదో తెలియని చెట్టు మీద ఎవరు పెట్టుబడి పెడతారు? పండు ఒక్కసారి దిగదు, రెండు నెలల పాటు రోజూ కాస్త రాలుతుంది. అరకిలో గుజ్జుకు వందకు పైగా గింజలు తీయాలి. ముళ్లు సరేసరి. అందుకే అది కూలికెళ్లిన ఆడవాళ్ల కొంగులోకి, ఆవుల వెంట తిరిగే పిల్లల జేబులోకి వెళ్లింది, బండెక్కలేదు. వాళ్ల చేతి తిండికి పద్దులు రాసేవాళ్లుండరు. రెవెన్యూ లెక్కల్లో చింతచెట్టుకు, తాటిచెట్టుకు విలువ కట్టిన దొరలు రేగును లక్క పురుగు పెరిగే చెట్టుగా, కంచెకు పనికొచ్చే కంపగా చూశారు. పండును చూసింది తక్కువ.

కరువు వచ్చినప్పుడు మాత్రం లెక్క తిరగబడేది. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. జిల్లాలోని సుమారు 5 లక్షల జనంలో 2 లక్షల దాకా పోయారని చెబుతారు. అలాంటి కాలాల్లో చేను ఎండినా గట్టు కాసేది. రేగుపండు, దాని ఎండుపిండి, చివరికి గింజలోని పప్పు కూడా కరువు తిండే. కడుపు నిండినవాళ్లు దాన్ని చిన్నచూపు చూడటానికి ఇదీ ఒక కారణం. ఆకలినాటి తిండి గుర్తుకు రావాలని ఎవరూ కోరుకోరు.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ నీరు పల్నాటి చేలకు అందడంతో శ్రీనాథుడి ఫిర్యాదుల్లో సగం తీరిపోయాయి. జొన్నచేను వరిమడి అయింది, పత్తి అయింది, మిరపతోట అయింది. 1970లో హెచ్-4, ఆ వెంటనే వరలక్ష్మి వచ్చి హైబ్రిడ్ పత్తి ఊపందుకున్నాక సెంటు నేల కూడా వదలబుద్ధి కాలేదు. గట్లు సన్నబడ్డాయి. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని రేగుచెట్లు కొట్టేశారు. పాత కంప కంచె స్థానంలో ఇనుప ముళ్లతీగ వచ్చింది. ఇది తప్పని తీర్పు చెప్పడం పట్నంలో కూర్చున్నవాళ్లకు సులువు. నీళ్లు చూడని నేలకు నీళ్లొస్తే ఏ రైతైనా చేసే పనే అది.

అసలు దెబ్బ మరో వైపు నుంచి తగిలింది. 1980ల్లో పత్తికి మందులు విపరీతంగా పెరిగాయి. 1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తిని ఊడ్చేసింది. ఎన్నిసార్లు కొట్టినా దోమ చావలేదు, అప్పుల్లో మునిగి పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్న రైతుల వార్తలు దేశమంతా విన్నది. మిరపదీ అదే వరస. వారానికోసారి మందు కొట్టే చేల నడుమ గట్టు మీద పండిన పండును ఏ తల్లి తన పిల్లాడికి పెడుతుంది? చెట్టు నరకని చోట కూడా చాలామంది పండు ఏరడం మానేశారు. రేగొడియం తగ్గిపోవడానికి బిస్కట్ పొట్లాలను తిడతారు గానీ, మందు వాసన అంతకంటే పెద్ద కారణం.

ఈమధ్య మార్కెట్లో రేగు మళ్లీ కనబడుతోంది, కొత్త వేషంలో. యాపిల్ బేర్ అంటారు. థాయ్‌లాండ్ నుంచి వచ్చిన రకం, నిమ్మకాయను మించిన సైజు, నాటిన ఏడాదికే కాపు. బండ్ల మీద కిలోల లెక్కన అమ్ముతున్నారు. కొరుక్కు తినడానికి బాగుంటుంది. వడియానికి మాత్రం ససేమిరా. నీరెక్కువ, పులుపు తక్కువ, దంచితే ముద్ద కట్టదు. ఎండాక పీచు తప్ప రుచి మిగలదు. గోళీకాయంత నాటురేగులో దాగిన ఘాటైన గుజ్జు దీనికి లేదు. తాజాపండుగా ఓడిపోయిన గుణమే గుజ్జుగా గెలిచే గుణం కావడం ఈ పండులోని తమాషా.

నాటురేగుతో నాలుగు డబ్బులు చేసుకునే దారి లేకపోలేదు. ఇంటి వంటలు అమ్మే దుకాణాలు రేగివడియాలను పొట్లాలు కట్టి హైదరాబాద్‌కూ, అమెరికాకూ పంపుతున్నాయి. చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో యంత్రాల ఖర్చుకు 35 శాతం రాయితీ పెట్టారు, పొదుపు సంఘాలకూ వర్తింపజేశారు. చేయవలసిన మార్పు కూడా పెద్దదేం కాదు. పళ్లను కాసిని నీళ్లతో మెత్తగా ఉడికించి, పెద్ద కన్నాల జల్లెడ మీద చేత్తో రుద్దితే గింజలు పైన ఉండిపోతాయి, గుజ్జు కిందికి దిగుతుంది. దానికి బెల్లం కలిపి, మూకుడు అంచులు వదిలేదాకా తిప్పి, నెయ్యి రాసిన పళ్లెంలో పరిస్తే కత్తికి తెగే రేగుతాండ్ర వస్తుంది. గింజ ముక్క పంటికి తగులుతుందని భయపడే పట్నపు పిల్లలూ తింటారు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రోడ్డు పక్క దుమ్ములో, మిరపకాయలు ఆరబోసిన కల్లంలోనే వీటినీ ఎండబెడితే దుమ్మూ ధూళీ బూజూ అన్నీ దానితోపాటే పొట్లంలోకి వెళ్తాయి. గుడారంలాంటి ప్లాస్టిక్ ఎండబెట్టే గది ఒకటి ఉంటే చాలు. ఇక రేగులో సి విటమిన్ దండిగా ఉందని పొట్లం మీద గొప్పగా అచ్చు వేసేవాళ్లు, ఎండలోనూ పొయ్యి మీదా అందులో చాలా భాగం పోతుందని తెలుసుకుంటే మంచిది. రుచిని రుచిగానే అమ్ముకోవచ్చు.

మందు కొట్టని చోట పళ్లు దొరకడమే ఇప్పుడు అన్నిటికంటే కష్టం. నాగులేటి గట్లు, నడికుడి వైపు రైలు కట్ట పక్కన బంజర్లు, గుళ్ల మాన్యాలు, బడి ఆవరణలు అలాంటి చోట్లు. దాచేపల్లి చుట్టుపక్కల పొలం ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మీ గట్టు చివర నాటురేగు ఒక్కటి మిగిలి ఉంటే ఈ వేసవి దుక్కిలో దాన్ని వదిలేయండి. ఆకు రాల్చి ఎండుకట్టెలా ఉంటుంది, చచ్చిపోయిందనుకుని నరికేయకండి. తొలకరికి చిగురేస్తుంది, సంక్రాంతికి కాస్తుంది.